చిరుత గెకో బల్లులలో గ్రుడ్ల పొదుగు ఉష్ణోగ్రత – లింగ నిర్ధారణ, శరీర వర్ణంపై ప్రభావం

సారాంశం

పెంపుడు జీవిగా అనేక దేశాలలో ప్రాచుర్యం పొందిన చిరుత గెకో బల్లిలో పిల్ల ఆడదా, మగదా అన్న విషయాన్ని గ్రుడ్డు పొదిగిన ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. అదే ఉష్ణోగ్రత పిల్ల శరీర వర్ణాన్ని, పెరుగుదలను, పెద్దయిన తరువాతి ప్రవర్తనను కూడా మార్చుతుంది. అయితే ఈ మార్పులన్నీ లింగం ద్వారానే కలిగేవి కావు. ఉష్ణోగ్రత ఒక్కొక్క లక్షణంపై వేరువేరుగా పనిచేస్తుంది. ఈ భేదాన్ని గుర్తించకపోతే ఉష్ణోగ్రత వలన వచ్చిన లక్షణాన్ని వంశపారంపర్యమని, లింగం వలన వచ్చినదని పొరబడే అవకాశం ఉంది. ఈ వ్యాసంలో లభ్యమైన పరిశోధన ఫలితాలను సమీక్షించి, విద్యార్థులకు ఉపయోగపడే ప్రయోగ పద్ధతిని, మన తీర ప్రాంతపు తాబేళ్ల హేచరీలకు వర్తించే అంశాలను వివరించడమైనది.

ముఖ్య పదాలు: చిరుత గెకో, పొదుగు ఉష్ణోగ్రత, లింగ నిర్ధారణ, మెలనిన్, ప్రయోగ రూపకల్పన

పరిచయం

కోళ్ల హేచరీలో గ్రుడ్లను సుమారు 37.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 21 రోజులు పొదిగించినపుడు పెట్టలు, పుంజులు దాదాపు సమాన సంఖ్యలో వెలువడతాయి. ఉష్ణోగ్రతలో కొద్దిపాటి తేడా వచ్చినపుడు పొదుగు శాతం తగ్గవచ్చును గాని, పుంజు పిండం పెట్టగా మారదు. కోడిలో లింగం గ్రుడ్డు ఏర్పడే నాటికే జెడ్, డబ్ల్యు క్రోమోజోముల చేత నిర్ణయమై ఉండడమే దీనికి కారణం. పశు సంవర్ధక శాస్త్రం చదివిన వారికి ఇది సుపరిచితమైన విషయం.

సరీసృపాలలో ఈ సూత్రం అన్నిటికీ వర్తించదు. మొసళ్లన్నిటిలోను, సముద్రపు తాబేళ్లలోను, కొన్ని బల్లి జాతులలోను గ్రుడ్డు పెట్టే నాటికి పిండం లింగం నిర్ణయం కాదు. పొదుగు కాలంలోని ఒక పరిమిత దశలో పిండం అనుభవించిన ఉష్ణోగ్రతను బట్టి దాని జననగ్రంథి అండాశయంగానో, వృషణంగానో రూపొందుతుంది. సరీసృపాలలో ఈ విషయాన్ని మొదటిసారిగా 1966లో మడలీన్ షార్నియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సెనెగల్ రాజధాని డకార్‌లో అగామా జాతి బల్లిపై జరిపిన పరిశీలనలో వెల్లడించారు. తరువాతి దశకంలో క్లోడ్ పియో తాబేళ్లపై చేసిన పరిశోధనలు దీనిని బలపరచాయి.

ఈ విషయాన్ని లోతుగా పరిశీలించడానికి చిరుత గెకో ఎంతో అనువైన జీవిగా నిలిచింది. మొసలి, తాబేలు ప్రౌఢ దశకు రావడానికి అనేక సంవత్సరాలు పడుతుంది. చిరుత గెకో సుమారు ఏడాదిలోనే ప్రజననానికి సిద్ధమవుతుంది. కనుక పొదుగు ఉష్ణోగ్రత ప్రభావాన్ని గ్రుడ్డు నుండి తరువాతి తరం గ్రుడ్డు వరకు ఒకే ప్రయోగశాలలో గమనించడం సాధ్యమైనది. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం (ఆస్టిన్)లో డేవిడ్ క్రూస్, ఆయన సహచరులు ఈ జీవిపై దీర్ఘకాలం పరిశోధనలు నిర్వహించారు.

అధ్యయన జీవి లక్షణాలు

చిరుత గెకో శాస్త్రీయ నామం యూబ్లెఫారిస్ మాక్యులేరియస్. 1854లో ఎడ్వర్డ్ బ్లిత్ దీనిని వర్ణించారు. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశంలోని పొడి, రాతి నేలలు దీని సహజ నివాసం. ఇది రాత్రివేళ సంచరిస్తుంది. ఇంటి గోడలపై ప్రాకే బల్లులకు భిన్నంగా దీనికి కదిలే కనురెప్పలు ఉంటాయి, వ్రేళ్ల అడుగున అంటుకొనే మెత్తలు ఉండవు. తోకలో కొవ్వును నిల్వ చేసుకొంటుంది.

ఆడ బల్లి సాధారణంగా ఒక్కొక్క విడతకు రెండు గ్రుడ్లు పెడుతుంది. ఒక ఋతువులో పలు విడతలుగా గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్డు పెంకు కోడి గ్రుడ్డు వలె గట్టిది కాదు. తోలు వంటి మెత్తని పెంకు ద్వారా గ్రుడ్డు చుట్టూ ఉన్న తేమను పీల్చుకొని పెరుగుతుంది. అందువలన తడిపిన వర్మిక్యులైట్, పెర్లైట్ వంటి పదార్థాలలో గ్రుడ్లను సగం వరకు పూడ్చి పొదిగిస్తారు. కోడి గ్రుడ్లను పొదుగు యంత్రంలో తరచుగా త్రిప్పడం తప్పనిసరి. బల్లి గ్రుడ్లను మాత్రం పెట్టిన స్థితిలో నుండి త్రిప్పరాదు. పెంకు లోపలి పొరకు అంటుకొన్న పిండం దెబ్బతినే ప్రమాదం ఉంది. కోళ్ల హేచరీ అనుభవాన్ని యథాతథంగా ఇక్కడ అన్వయించడం వలన కలిగే మొదటి నష్టం ఇదే.

అప్పుడే పుట్టిన పిల్లలో లింగాన్ని పైకి చూచి చెప్పడం నమ్మదగినది కాదు. కొన్ని నెలలు పెరిగిన తరువాత మగ బల్లిలో మలద్వారానికి ముందు ‘వి’ ఆకారంలో అమరిన రంధ్రాలు, తోక మొదట జంట ఉబ్బులు స్పష్టమవుతాయి. పిల్ల దశలో తొందరపడి నమోదు చేసిన లింగ నిష్పత్తులు తప్పు నిర్ణయాలకు దారితీస్తాయి.

ఉష్ణోగ్రత – లింగ నిష్పత్తి

తొలి పరిశీలనలలో చల్లని పొదుగులో ఆడవి, వెచ్చని పొదుగులో మగవి పుడతాయని భావించారు. ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రతల వద్ద గ్రుడ్లను పొదిగించినపుడు ఈ అభిప్రాయం అసంపూర్ణమని తేలింది. వీట్స్, టూసిన్యాంట్, ఎవర్ట్, నెల్సన్, క్రూస్ 1993లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అతి వెచ్చని పొదుగులో తిరిగి ఆడపిల్లలే అధికంగా పుడతాయి. స్థిర ఉష్ణోగ్రతల వద్ద లభించే సుమారు నిష్పత్తులు ఈ క్రింది పట్టికలో ఇవ్వబడినవి.

పట్టిక 1. స్థిర పొదుగు ఉష్ణోగ్రత, లింగ నిష్పత్తి

| పొదుగు ఉష్ణోగ్రత (సెల్సియస్) | ఆడ పిల్లలు (సుమారు శాతం) | మగ పిల్లలు (సుమారు శాతం) |
|---|---|---|
| 26 డిగ్రీలు | 100 | 0 |
| 30 డిగ్రీలు | 75 | 25 |
| 32.5 డిగ్రీలు | 25 | 75 |
| 34 డిగ్రీలు | 95 | 5 |

ఈ పట్టికలో గమనించవలసిన అంశాలు మూడు. మొదటిది, 30 డిగ్రీలకు, 32.5 డిగ్రీలకు మధ్య ఉన్న రెండున్నర డిగ్రీల తేడాలోనే నిష్పత్తి తారుమారైనది. చవక రకపు థర్మోస్టాట్‌లో ఒక డిగ్రీ అటుఇటు కావడం సాధారణం. ఇక్కడ ఆ ఒక డిగ్రీ ఫలితాన్నే మార్చగలదు. రెండవది, మగ పిల్లలు నూటికి నూరు శాతం పుట్టే ఉష్ణోగ్రత ఇందులో లేదు. మూడవది, 26 డిగ్రీల వద్ద, 34 డిగ్రీల వద్ద లింగ ఫలితం దాదాపు ఒకటే అయినను, పిండం గడిపిన పరిస్థితులు పూర్తిగా వేరు. వర్ణాన్ని గురించిన చర్చకు ఈ మూడవ అంశమే ఆధారం.

ఉష్ణోగ్రత పొదుగు కాలాన్ని కూడా మార్చుతుంది. 26 డిగ్రీల వద్ద పిల్ల వెలువడడానికి రెండు నెలలకు పైగా పట్టగా, 32.5 డిగ్రీల వద్ద సుమారు నెలన్నరలో పొదుగు పూర్తి అవుతుంది. 34 డిగ్రీలు దాటిన కొలది పిండ మరణాలు పెరుగుతాయి.

ఇదే కుటుంబానికి చెందిన బల్లులన్నీ ఒకే విధానాన్ని అనుసరించవు. ఆఫ్రికాకు చెందిన లావు తోక గెకోలో ఉష్ణోగ్రతయే లింగాన్ని నిర్ణయిస్తుండగా, అమెరికా ఖండపు చారల గెకోలలో (కోలియోనిక్స్ ప్రజాతి) లింగం జన్యుపరంగా నిర్ణయమవుతుంది. కాబట్టి ఒక జాతిలో తేలిన అంకెలను పోలికను బట్టి మరొక జాతికి అన్వయించరాదు.

పిండంలో జరిగే ప్రక్రియ

పిండంలో తొలుత ఏర్పడే జననగ్రంథికి అండాశయంగాను, వృషణంగాను మారగల శక్తి రెండూ ఉంటాయి. పొదుగు కాలపు తొలి, మధ్య దశలలో ఉష్ణోగ్రతకు స్పందించే కాలం ఒకటి ఉంటుంది. ఆ కాలానికి ముందుగాని, తరువాతగాని ఉష్ణోగ్రత మారినను లింగం మారదు.

పురుష హార్మోన్లను స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజన్‌గా మార్చే ఆరోమటేజ్ అనే ఎంజైమ్ ఈ ప్రక్రియలో కీలకమైనది. మగవి పుట్టవలసిన ఉష్ణోగ్రతలో ఉన్న చిరుత గెకో గ్రుడ్లపై తగిన దశలో ఈస్ట్రడయోల్ హార్మోన్‌ను పూసినపుడు ఆడ పిల్లలు వెలువడినవి. ఉష్ణోగ్రత సందేశం చివరకు హార్మోన్ల మార్గంలోనే జననగ్రంథిని చేరుతుందని ఈ ప్రయోగం సూచిస్తుంది.

ఉష్ణోగ్రతను జన్యువులు గ్రహించే తీరు ఎర్ర చెవి తాబేలులో మరింత స్పష్టంగా వెల్లడైనది. ఈ తాబేలులో 26 డిగ్రీల వద్ద మగవి, 31 డిగ్రీలకు పైన ఆడవి పుడతాయి. చల్లని పొదుగులో కె.డి.ఎం.6బి అనే జన్యువు చురుకుగా ఉండి, డి.ఎం.ఆర్.టి.1 అనే జన్యువుపై ఉన్న నిరోధక గుర్తును తొలగించి వృషణం ఏర్పడేటట్లు చేస్తుందని 2018లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. వెచ్చని పొదుగులో కణాలలోనికి కాల్షియం ప్రవేశించి, స్టాట్3 అనే ప్రోటీన్ ద్వారా కె.డి.ఎం.6బి జన్యువును అణచివేస్తుందని 2020లో అదే పత్రికలో వెలువడిన మరొక పరిశోధన వివరించింది. తాబేలులో వెచ్చదనం ఆడవిని, చిరుత గెకోలో మధ్యస్థ వెచ్చదనం మగవాటిని ఇస్తుంది గనుక ఈ వివరాలను ఒక నమూనాగా మాత్రమే గ్రహించాలి.

సగటు ఉష్ణోగ్రత ఎందుకు చాలదు

పట్టిక 1లోని అంకెలు స్థిర ఉష్ణోగ్రతలకు సంబంధించినవి. నేలలోని గూడు పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంది. ఇటువంటి చోట రోజువారీ సగటును మాత్రమే లెక్కించడం వలన తప్పు నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉన్నది. పిండం వెచ్చని వేళలో వేగంగాను, చల్లని వేళలో నెమ్మదిగాను ఎదుగుతుంది. కనుక గడియారపు గంటల కంటె, ఏ ఉష్ణోగ్రత వద్ద ఎంత ఎదుగుదల జరిగినది అన్నదే ముఖ్యమని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఆర్థర్ జార్జెస్ 1989లో తాబేళ్ల ఆధారంగా ప్రతిపాదించారు.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొనవచ్చును. ఒక గూడు రోజులో 12 గంటలు 26 డిగ్రీల వద్ద, 12 గంటలు 34 డిగ్రీల వద్ద ఉన్నదనుకొంటే సగటు 30 డిగ్రీలు. 34 డిగ్రీల వద్ద ఎదుగుదల వేగం రెట్టింపు అని భావిస్తే, మొత్తం ఎదుగుదలలో మూడింట రెండు వంతులు 34 డిగ్రీల వద్దనే జరిగినట్లు. ఆ గూటిలోని పిండాలు 30 డిగ్రీల స్థిర ఉష్ణోగ్రతను ఒక్క గంట కూడా అనుభవించలేదు. అటువంటి గూటి నుండి 25 శాతం మగ పిల్లలను ఆశించడానికి ఆధారం లేదు. సగటుతో పాటు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను, అవి కొనసాగిన కాలాన్ని కూడా నమోదు చేయడం ఇందువలననే అవసరం.

పెరుగుదల, ప్రవర్తనలపై ప్రభావం

ఒకే ఉష్ణోగ్రతలో పుట్టిన చిరుత గెకోలలో మగవి ఆడవాటి కంటె పెద్దవిగా పెరుగుతాయి. ఇది లింగ ప్రభావం. కాని మగవి అధికంగా పుట్టే 32.5 డిగ్రీల వద్ద పొదిగిన ఆడవి, తక్కువ ఉష్ణోగ్రతలో పొదిగిన ఆడవాటి కంటె వేగంగా పెరిగి, ఆడవి అధికంగా పుట్టే ఉష్ణోగ్రతలోని మగవాటితో దాదాపు సమానమైన పరిమాణానికి చేరుకొన్నట్లు టూసిన్యాంట్, క్రూస్ 1995లో తెలియజేశారు. ఇది లింగంతో నిమిత్తం లేని ఉష్ణోగ్రత ప్రభావం.

ప్రవర్తనలోను ఇదే ధోరణి కనిపించినది. 32.5 డిగ్రీల వద్ద పొదిగిన ఆడ బల్లులు, 26 డిగ్రీల వద్ద పొదిగిన ఆడవాటి కంటె ఎక్కువ దూకుడు చూపినవి. మగవాటిని ఆకర్షించే గుణం వీటిలో తక్కువ. మగవాటిలో కూడా 32.5 డిగ్రీలవి, 30 డిగ్రీలవాటి కంటె కలహశీలంగా ఉన్నవి. మెదడులోని కొన్ని కేంద్రాల పరిమాణంపై, జీవక్రియా శక్తిపై పొదుగు ఉష్ణోగ్రత, లింగం అనే రెండు కారకాలు వేరువేరుగా పనిచేస్తాయని కూంబర్, క్రూస్, గొంజాలెజ్-లిమా 1997లో చూపారు.

ఈ పరిశోధనల పద్ధతిలో విద్యార్థులు నేర్వదగిన సూక్ష్మం ఒకటి ఉన్నది. 26 డిగ్రీల ఆడవాటిని 32.5 డిగ్రీల మగవాటితో పోల్చితే, కనిపించిన తేడా లింగానిదా, ఉష్ణోగ్రతదా అన్నది తేల్చడం అసాధ్యం. 30, 32.5 డిగ్రీల వద్ద రెండు లింగాలూ పుడతాయి గనుక, ఒకే ఉష్ణోగ్రతలోని ఆడ, మగలను పోల్చి లింగ ప్రభావాన్ని, వేరువేరు ఉష్ణోగ్రతలలోని ఒకే లింగాన్ని పోల్చి ఉష్ణోగ్రత ప్రభావాన్ని విడదీయగలిగారు.

శరీర వర్ణంపై ప్రభావం

పుట్టిన పిల్ల శరీరంపై పసుపు రంగు నేలలో ముదురు గోధుమ లేదా నలుపు అడ్డ పట్టీలు ఉంటాయి. వయసు పెరిగిన కొలది ఈ పట్టీలు విడిపోయి చిరుత మచ్చలుగా మారతాయి. నలుపు, గోధుమ వర్ణాలకు మెలనిన్ అనే వర్ణక పదార్థం కారణం. మెలనిన్‌ను తయారుచేసే కణాలతో పాటు పసుపు వర్ణకాలను నిలుపుకొనే కణాలు, కాంతిని ప్రతిఫలింపజేసే కణాలు చర్మంలో పొరలుగా అమరి ఉంటాయి. ఇవన్నీ పిండ దశలోని నాడీ శిఖర కణాల నుండి పుట్టి చర్మంలోనికి వలస వచ్చినవే.

తక్కువ ఉష్ణోగ్రతలో పొదిగిన పిల్లలలో మెలనిన్ అధికంగా ఉండి పట్టీలు ముదురుగా, రంగు మసకగా కనిపిస్తుంది. ఎక్కువ ఉష్ణోగ్రతలో పొదిగిన పిల్లలలో ముదురు వర్ణం తగ్గి పసుపు, నారింజ రంగులు ప్రకాశవంతంగా కనిపిస్తాయి. తెల్లజాతి (ఆల్బినో) వంశాలలో కూడా చల్లని పొదుగులో పట్టీలు చాకొలేటు వర్ణానికి దగ్గరగా వస్తాయని పెంపకందారులు గుర్తించారు.

ఇక్కడ సహజంగా ఒక సందేహం కలుగుతుంది. వెచ్చని పొదుగులో మగవి ఎక్కువ, వెచ్చని పొదుగులో రంగు ప్రకాశవంతం. కాబట్టి ప్రకాశవంతమైన రంగు మగ లక్షణమా? దీనికి సమాధానం పట్టిక 1లోనే ఉన్నది. 26 డిగ్రీల వద్ద పుట్టినవి ఆడవే, 34 డిగ్రీల వద్ద పుట్టినవి దాదాపు అన్నీ ఆడవే. అయినను మొదటివి ముదురు వర్ణంలో, రెండవవి లేత వర్ణంలో ఉంటాయి. లింగం ఒకటే అయి వర్ణం మారినపుడు, వర్ణానికి కారణం లింగం కాజాలదు. వర్ణం ఉష్ణోగ్రతతో నేరుగా నడుస్తున్నది. పిల్ల రంగును చూచి లింగాన్ని ఊహించే అలవాటు అశాస్త్రీయమని దీనిని బట్టి స్పష్టమవుతుంది.

వంశపారంపర్య వర్ణం, పొదుగు వర్ణం

చిరుత గెకోలో జన్యుపరమైన వర్ణ భేదాలు కూడా అనేకం ఉన్నవి. ట్రెంపర్, బెల్, రెయిన్‌వాటర్ అనే పేర్లతో పిలిచే మూడు ఆల్బినో వంశాలు ఒకదానికొకటి భిన్నమైనవి. ఒక వంశపు ఆల్బినోను మరొక వంశపు ఆల్బినోతో జతపరచినపుడు సాధారణ వర్ణపు పిల్లలే పుడతాయి. మూడింటిలో మార్పు చెందిన జన్యువులు వేరని దీని అర్థం. ఇటువంటి వర్ణం ఏ ఉష్ణోగ్రతలో పొదిగించినను తరతరాలకు సంక్రమిస్తుంది. పొదుగు వలన వచ్చిన ప్రకాశం ఆ విధంగా సంక్రమించదు.

పెంపకందారుడు ఒకరు ప్రకాశవంతమైన జంటను ఎన్నుకొని, వాటి గ్రుడ్లను ప్రతి ఏటా 32 డిగ్రీలకు పైన పొదిగించినాడనుకొందాము. పిల్లలు తల్లిదండ్రులను మించి మెరుస్తాయి. దానిని మేలైన వంశంగా భావించి అధిక ధరకు అమ్ముతాడు. కొన్న వ్యక్తి తరువాతి తరం గ్రుడ్లను 27 డిగ్రీల వద్ద పొదిగించి మసక వర్ణపు పిల్లలను చూచి, తాను మోసపోయినానని భావిస్తాడు. నిజానికి ఇద్దరూ ఉష్ణోగ్రతను లెక్కలోనికి తీసుకొనలేదు. పైరు దిగుబడిలో వంగడం ప్రభావాన్ని, ఎరువు ప్రభావాన్ని విడదీయకుండా వంగడాన్ని మెచ్చుకొనడం వంటిదే ఇది.

జన్యుపరమైన వర్ణం అయినంత మాత్రాన అది క్షేమకరమని కూడా భావించరాదు. ‘లెమన్ ఫ్రాస్ట్’ అనే ఆకర్షణీయమైన తెలుపు, పసుపు వర్ణపు వంశాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (లాస్ ఏంజెలెస్) శాస్త్రవేత్తలు పరిశీలించి, ఆ వర్ణానికి స్పింట్1 అనే జన్యువు ఉన్న భాగం కారణమని 2021లో ప్రకటించారు. ఆ వంశంలోని బల్లులలో 80 శాతానికి పైగా చర్మపు కణితులు ఏర్పడుతున్నవి. కాంతిని ప్రతిఫలింపజేసే కణాల అదుపులేని పెరుగుదలయే అటు వర్ణానికి, ఇటు కణితికి మూలం. వర్ణం కోసం పిండాన్ని ప్రాణాపాయపు అంచున ఉన్న ఉష్ణోగ్రతలో పొదిగించడం కూడా ఇదే కోవకు చెందినది. విపణి విలువ జీవి క్షేమానికి కొలమానం కాదు.

ప్రయోగ రూపకల్పనలో పాటించవలసిన అంశాలు

విద్యార్థులు ఈ అంశంపైగాని, ఇటువంటి మరే సరీసృపంపైగాని అధ్యయనం చేపట్టినపుడు ఈ క్రింది జాగ్రత్తలు అవసరం.

1. ఒక విడతలోని రెండు గ్రుడ్లను ఒకే ఉష్ణోగ్రతలో ఉంచక, ఒక్కొక్క దానిని ఒక్కొక్క ట్రీట్‌మెంట్‌కు కేటాయించాలి. తల్లి ప్రభావం, ఉష్ణోగ్రత ప్రభావం కలగలిసిపోకుండా ఇది కాపాడుతుంది. ఏ గ్రుడ్డు ఎటు వెళ్లాలన్నది చీటీ తీసి నిర్ణయించాలి.

2. ఒక్కొక్క ఉష్ణోగ్రతకు ఒకే పొదుగు యంత్రాన్ని వాడినచో, ఆ యంత్రపు లోపం కూడా ఉష్ణోగ్రత ప్రభావంగా కనిపిస్తుంది. వీలైనంత వరకు ప్రతి ట్రీట్‌మెంట్‌కు ఒకటి కంటె ఎక్కువ యంత్రాలు ఉండాలి.

3. యంత్రం పైన కనిపించే అంకెను నమ్మక, గ్రుడ్డు ప్రక్కనే డేటా లాగర్‌ను ఉంచి ఉష్ణోగ్రతను నమోదు చేయాలి. తేమను కూడా అన్ని ట్రీట్‌మెంట్లలో సమానంగా ఉంచాలి.

4. గ్రుడ్ల సంఖ్య చాలినంత ఉండాలి. 30 డిగ్రీల వద్ద మగ పిల్ల పుట్టే సంభావ్యత 0.25 అయినచో, ఒక్కొక్క గ్రుడ్డును స్వతంత్రంగా భావించి లెక్కించగా, 8 గ్రుడ్లలో ఒక్క మగ పిల్ల కూడా పుట్టకపోయే అవకాశం 10 శాతం ఉన్నది. 4 గ్రుడ్లకు అది సుమారు 32 శాతం. 20 గ్రుడ్లకు అర శాతం కంటె తక్కువ. నాలుగు గ్రుడ్లను పొదిగించి అన్నీ ఆడవే పుట్టినవని ప్రకటించడంలో విలువ లేదు.

5. పొదగని గ్రుడ్లను, చనిపోయిన పిండాలను కూడా లెక్కించాలి. ఒక లింగపు పిండాలే ఎక్కువగా మరణించినచో, బ్రతికిన పిల్లల నిష్పత్తి అసలు విషయాన్ని దాచివేస్తుంది.

6. వర్ణాన్ని కంటి అంచనాతో కాక, ఒకే కాంతిలో, ఒకే వయసులో, వర్ణ ప్రమాణ పత్రాన్ని ప్రక్కన ఉంచి తీసిన ఛాయాచిత్రాల ద్వారా కొలవాలి. కొలిచే వ్యక్తికి ఏ పిల్ల ఏ ఉష్ణోగ్రతదో తెలియకూడదు.

7. ఒకే జంట గ్రుడ్లను రెండు ఉష్ణోగ్రతలలోను, వేరు జంటల గ్రుడ్లను ఒకే ఉష్ణోగ్రతలోను పొదిగించినపుడే వంశ ప్రభావం, పొదుగు ప్రభావం, వాటి పరస్పర ప్రభావం విడివిడిగా తేలుతాయి.

మన ప్రాంతానికి వర్తించే అంశాలు

చిరుత గెకో ప్రజాతికి చెందిన బల్లి తెలుగు నేలపై కూడా ఉన్నది. ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలోని తూర్పు కనుమల ప్రాంతపు బల్లిని 2022లో యూబ్లెఫారిస్ పిక్టస్ అనే కొత్త జాతిగా వర్ణించారు. పెంపుడు చిరుత గెకోపై లభించిన అంకెలను దీనికి అన్వయించడం సరికాదు. దీనిని అడవి నుండి పట్టి తెచ్చి పెంచడం ఏ విధంగాను సమర్థనీయం కాదని విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామీణ యువతకు తెలియజేయాలి.

ప్రత్యక్ష ప్రయోజనం తీర ప్రాంతంలో ఉన్నది. ఆంధ్రప్రదేశ్ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు, అలల తాకిడి నుండి కాపాడడానికి గ్రుడ్లను సేకరించి తీరంలోని రక్షిత హేచరీలలో తిరిగి పూడ్చుతారు. సముద్రపు తాబేళ్లలో పొదుగు కాలపు మధ్య మూడవ వంతులోని ఉష్ణోగ్రత లింగాన్ని నిర్ణయిస్తుంది. చల్లని ఇసుకలో మగవి, వెచ్చని ఇసుకలో ఆడవి పుడతాయి. కనుక హేచరీ స్థలం, గుంత లోతు, పైన వేసే నీడ అన్నవి పొదుగు శాతాన్నే గాక తరువాతి తరపు లింగ నిష్పత్తిని కూడా నిర్ణయిస్తాయి. వేలాది పిల్లలు సముద్రంలోనికి వెళ్లినంత మాత్రాన పని సఫలమైనట్లు కాదు.

ఈ హెచ్చరిక ఊహాజనితం కాదు. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు వెచ్చని తీరాలలో పుట్టిన ఆకుపచ్చ తాబేళ్ల పిన్న వయసు వాటిలో 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. అదే సముదాయపు పెద్దవాటిలో ఆడవి సుమారు 87 శాతం. మొసళ్ల విషయంలోను మగ్గర్ జాతిలో 32.5 డిగ్రీల సమీపంలో మగవి, అంతకు తక్కువలో ఆడవి పుడతాయని మద్రాస్ మొసళ్ల కేంద్రంలో జరిగిన పరిశోధనలు తెలిపినవి.

తీరంలోని హేచరీలలో ప్రతి వరుసకు ఒక డేటా లాగర్‌ను గ్రుడ్ల లోతులో ఉంచడం, నీడ ఉన్న వరుసలను, నీడ లేని వరుసలను విడిగా నమోదు చేయడం, గ్రుడ్లను సేకరించిన కొద్ది గంటలలోనే త్రిప్పకుండా పూడ్చడం తక్కువ ఖర్చుతో సాధ్యమయ్యే పనులు. వ్యవసాయ వాతావరణ కేంద్రాలు నమోదు చేసే నేల ఉష్ణోగ్రతలు ఈ పనికి పోలిక ప్రమాణంగా ఉపయోగపడతాయి.

ముగింపు

చిరుత గెకోలో పొదుగు ఉష్ణోగ్రత ఒకే సమయంలో జననగ్రంథిపై, మెలనిన్ కణాలపై, పెరుగుదలపై, మెదడుపై పనిచేస్తుంది. ఈ ప్రభావాలు ఒకే మూలం నుండి వచ్చినను ఒకదానికొకటి కారణాలు కావు. రంగు లింగాన్ని తెలుపదు, లింగం ప్రవర్తనను పూర్తిగా తెలుపదు, ప్రకాశం వంశాన్ని తెలుపదు. పొదుగు ఉష్ణోగ్రత నమోదు కాని ఏ పరిశీలనలోనైనను అది గుర్తింపు పొందని ఒక ట్రీట్‌మెంట్‌గా మిగిలిపోతుంది. పెంపుడు బల్లి అయినా, తీరపు తాబేలు అయినా, గ్రుడ్డు చేతికి వచ్చిన రోజు నుండి ఉష్ణోగ్రతను వ్రాసి ఉంచడం పరిశోధకునికీ, సంరక్షకునికీ మొదటి విధి.